నిండుకున్న కొండ

కొల్లి అప్పలనరసమ్మ నన్ను ముంచింది. ముంచడమంటే చీటీపాట ఎత్తేసిందనో, అప్పు ఎగ్గొట్టిందనో అనుకునేరు. అలాంటిదేమీ కాదు. నిజంగానే ముంచింది, నీళ్లతో. ఎండాకాలం బిందెడు నీళ్లకి ఆడవాళ్లు జుట్లు పట్టుకునే కొండ మీద, సముద్రానికి అంతెత్తున ఉన్న నా ఇంటిని నీళ్లపాలు చేసింది. ఎవరితో చెప్పినా నవ్వుతారు. ‘కొండ మీద వరదేట్రా సన్నాసీ, తాగొచ్చినావా?’ అంటారు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నేను ఆరో తరగతితో బడి మానేశాను. అక్షరాలు నాకు పలక మీద కంటే గోడల మీదే ఎక్కువ వచ్చాయి. ఎన్నికలొస్తే గోడలు రాయడం నా పని. మా కొండవార్డు కార్పొరేటరుగా నరసమ్మక్క మొదటిసారి నిలబడినప్పుడు ఆమెకి ఏ పార్టీ టిక్కెట్టూ లేదు. మొగుడు రేవులో బస్తాల కింద పోయాడు. ఆమె మెట్ల పక్కన ఇడ్లీలు వేసి అమ్మేది. ఎన్నికలవాళ్లు బిందె గుర్తు ఇచ్చారు. నేను గోడ మీద బిందె గీస్తుంటే వెనకాల నిలబడి వంక పెట్టింది.

“ఒట్టి బిందెలాగున్నాదిరా. నిండుగా గియ్యి.”

“లోపలున్నది బయటికెలా తెలస్తాదక్కా?”

“మూతికాడ రెండు చుక్కలు తొణికినట్టు ఎయ్యి.”

“నిండుకుండ తొణకదంటారు గదే!”

“తొణకని కుండకి ఓటెవుడేస్తాడ్రా, ఎర్రోడా!”

గెలిచింది. మొదటి కౌన్సిల్ సమావేశానికి ఖాళీ బిందె చంకన పెట్టుకుని వెళ్లి మేయరుగారి బల్ల మీద బోర్లించింది. నీళ్లిచ్చేదాకా అది ఎవరినీ తియ్యనివ్వలేదు. మర్నాటికి మా కొండ మొదట్లో ట్యాంకరు ఆగింది. ఆ ట్యాంకరు మీద ఆమె రెండో ఎన్నిక కూడా దాటింది.

ఆమె నోట్లో ఒక మాట ఉండేది. సూద్దాం. వితంతు పింఛను అడిగినా సూద్దాం, వీధి లైటు అడిగినా సూద్దాం. అందులో ఔను ఉండదు, కాదూ ఉండదు. విన్నవాడు మాత్రం పని అయిపోయినట్టే మెట్లు దిగేవాడు. నా ఇంటిజాగాకి పట్టా ఇప్పించమని నేను గోడ రాసిన ప్రతిసారీ అడిగాను. మా ఇల్లు కొండ పైవరసలో, ఏనుగురాయి కింద, ఎప్పుడో ఎండిపోయిన గెడ్డ, అంటే కొండవాగు, దారిలో ఉండేది. మా నాన్న రాయీ రప్పా మోసి చదును చేసుకున్న నేల. కాగితం లేని నేల. ‘సూద్దాంరా తమ్ముడూ’ అనేది. నా జుట్టు నెరిసింది.

డాక్టర్ వేమూరి తనూజ మా కొండకి వచ్చిన ఏడాది బోర్లన్నీ ఎండిపోయాయి. ఆమె మందులిచ్చే డాక్టరు కాదు, పరిశోధన చేసే డాక్టరు. మెట్ల పక్కన పాడుబడిన పంపుహౌసులో ప్రయోగశాల పెట్టుకోవడానికి అనుమతి కోసం వచ్చింది. నరసమ్మక్క ఇడ్లీ రేకులు కడుగుతూనే మాట్లాడింది. కార్పొరేటరయినా ఆ పని మానలేదు.

“ఏటి చేస్తావమ్మా అందులో?”

“పాచి పెంచుతానండి.”

“పాచికి పర్మిషనెందుకు? మా మెట్లనిండా అదే. నిన్న జారిపడ్డాను కూడా.”

“ఈ పాచి నీళ్లు తాగి ఊరుకోదండి. పోస్తుంది.”

కొన్నాళ్లకి నరసమ్మక్కనీ నన్నూ పిలిచి చూపించింది. మా కొండ రాయే, అరచేతిలో పట్టేంత ముక్క. పగులులో దారం పోగులా పచ్చటి గీత. సముద్రం వైపు కిటికీ తెరిచి ఆ రాయిని గాలికి పెట్టింది. ఆ గాలిలో నీళ్లుంటాయని, మన ఒళ్లు జిడ్డోడేది అందుకేనని, ఈ పాచి ఆ నీటిని లాగి రాతి పగుళ్లలో దాస్తుందని చెప్పింది. తరవాత రాయికి ఒక చిన్న యంత్రం ఆనించింది. తుమ్మెద గుమ్మడికాయలో దూరినట్టు జుమ్మని మోత వచ్చింది.

రాయికి చెమట పట్టింది. చెమట బొట్టయింది, బొట్టు ధార అయింది. కింద పెట్టిన గాజుగ్లాసు నిండి పొర్లింది. రాయి కంటే నీళ్లే ఎక్కువున్నాయి. నా చేతి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. గుడిలో కూడా నాకు అలా అయినట్టు గుర్తులేదు.

“ఏటిరా, అలగ నోరెల్లబెట్టీసినావు?”

“రాయి చెమటోడస్తందక్కా.”

నరసమ్మక్క వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. “చెమటయితే ఉప్పగుండాల. ఇది ఉప్పగా నేదు,” అంది. రాయిని అరచేతిలోకి తీసుకుంది. “అమ్మా, ఈ రాయికి చేసింది కొండకి చేస్తావా?”

“చెయ్యచ్చు. ఒక మోతకి నోరు తెరుస్తుంది, ఇంకో మోతకి మూస్తుంది. కానీ ఏ వీధికి ఎప్పుడు కావాలో కొండకి తెలియాలి కదా. కుళాయికో మీటరు పెట్టాలి.”

“మీటరు ఇత్తడి తల్లీ. మా కొండ మీద వారం ఉండదు. నాకెలా తెలస్తంది? మెట్ల మీద నడస్తాను, జనం అరుస్తారు, ఇంటాను. కొండని కూడా ఇనమను.”

తనూజ నవ్వబోయి ఆగిపోయింది. అక్కడే, ఆ నిమిషానే, ఆమెకి అది పట్టుకుందని ఇప్పుడనిపిస్తుంది. ఏడాది తిరక్కుండా ప్రతి వీధి కుళాయి పక్కనా రాతిలో గరాటా లాంటిది ఒకటి దిగింది. దానికి మేం ‘చెవి’ అని పేరు పెట్టాం. అది మనుషుల మాట వింటుంది. ‘లేవు’ అంటే తెరిచే మోత, ‘చాలు’ అంటే మూసే మోత కొండకి పంపుతుంది. మావాళ్లు లేవు అనరు, నేవు అంటారు. తనూజ దానికి అదీ నేర్పింది. కరెంటు తీగ లేదు. పాచిలోనే పుట్టే సన్నటి కరెంటు దానికి చాలు. పాచి కొండంతా పాకింది.

మొదటి రోజు తెల్లవారి ఆడవాళ్లు బిందెలతో కుళాయిల దగ్గర నిలబడ్డారు. ఎవరికీ నమ్మకం లేదు. ఎవరో సిగ్గుపడుతూ గరాటాతో, “తల్లీ, నీల్లు నేవే,” అన్నారు. మా అరికాళ్ల కింద కొండ సన్నగా మూలిగింది. పసిపిల్లకి పాలిచ్చే ముందు తల్లి సర్దుకుని కూర్చుంటుందే, అలాంటి కదలిక. తరవాత ప్రతి కుళాయిలోంచి నీళ్లు. చల్లటి నీళ్లు. ఎవరూ అరవలేదు. కొట్టుకోలేదు. కొందరు బిందె కింద పెట్టి రాతికి దణ్ణం పెట్టారు. మా అమ్మ పైడమ్మ రాతికి చెంప ఆనించి, “ఇంటన్నాదిరా, ఇది ఇంటన్నాది,” అంది.

అన్ని వీధులకీ వచ్చిన నీళ్లు మా పైవరసకి మాత్రం వారానికే ఆగిపోయాయి.

తనూజ వచ్చి చెవి విప్పి చూసింది, పాచి చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. నేనే ఏదో గెలికానని వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. మా అమ్మ ఈ వయసులో కింద వీధి నుంచి నీళ్లు మోసి మెట్ల మీద తూలిపడింది. నరసమ్మక్కకి చెబితే సూద్దాం అంది. చివరికి తనూజే ఒక పొద్దుట మా అరుగు మీద కూర్చుని, ఏం జరుగుతుందో చూస్తానంది. మొదటి వారం తరవాత మా వరస తరఫున కొండని అడిగే పని, పెద్దదని మా అమ్మకే వదిలేశారు. ఆమె ఎప్పటిలాగే బిందె వంచి చూసి, కుళాయి దగ్గరికి వెళ్లి నిట్టూర్చింది.

“నీల్లు నిండుకున్నాయి తల్లీ.”

చెవిలోంచి మూసే మోత వినిపించింది.

తనూజ లేచి నిలబడింది. “అమ్మా, ఏమన్నారు?”

“నిండుకున్నాయన్నాను. అయిపోనాయని.”

“అయిపోయాయని అనొచ్చు కదా?”

“ఓలమ్మ! ఇంట్లో బియ్యమయినా నీల్లయినా అయిపోనాయనకూడదు. తథాస్తు దేవతలు తిరుగుతారు. నిండుకున్నాయనాల. మీ ఇంట్లో అనరేటి?”

తనూజ తల పట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. “అంటారు. మా అమ్మమ్మ పసుపు డబ్బా చూసి రోజూ ఇదే మాట అనేది. నేనే మరిచిపోయాను. కొండకి చెప్పడం కూడా మరిచిపోయాను.”

ఆ సాయంత్రానికి ఆ మాట నేర్పింది. మా వరసకి నీళ్లొచ్చాయి. మా అమ్మ మాటకి కొండ నోరు తెరుస్తోందని తెలిసి చుట్టుపక్కల ముసలివాళ్లంతా వచ్చి, ఎప్పుడెప్పుడు ఏమేమంటారో తనూజకి ఏకరువు పెట్టారు. దీపం ఆరింది అనకూడదు, కొండెక్కింది అనాలి. వెళ్తాను అనకూడదు, వెళ్లొస్తాను అనాలి. ఆమె పంపుహౌసు మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లలా వినేది.

ఎంతైనా జనం జనమే గదా. తొట్టి నిండా నీళ్లుండగానే “నేవు, నేవు” అని అరిచి, పట్టి, కింద పెళ్లిళ్లకి అమ్మడం మొదలుపెట్టారు. దాంతో తనూజ చెవికి తడి చూడటం నేర్పింది. కుళాయి కింద తడి ఉండగా లేవంటే నమ్మదు. ఒక్క మాటకి మాత్రం ఆ పరీక్ష పెట్టలేదు.

“నిండుకున్నాయన్న మాట ఎవరూ అబద్ధంగా అనరు,” అంది నాతో. “అంటే నిజమైపోతుందని భయం కదా. మీ అమ్మగారి వయసువాళ్లే అంటారు. ఆ మాటని నమ్మొచ్చు.”

నరసమ్మక్క మూడోసారి నిలబడింది. కొండమీద నీళ్లు చూడటానికి పొరుగు ఊళ్ల మేయర్లొచ్చారు. ఆమె పాత చీర కొంగుతో చెవి మీద దుమ్ము తుడిచి వాళ్లకి చూపించేది. “నేను ఇన్నేల్లు ఇన్నాను, ఇక ఇది ఇంటది,” అనేది. నేను గీసిన బిందె మూతి దగ్గర ఈసారి చుక్కలు కాదు, ధారే పోశాను. ఎదుటివాళ్లందరికీ డిపాజిట్లు పోయాయి.

ఆ ఏడే తుపాను వచ్చింది.

వాన అలా ఉంటుందని నేనెరగను. పగలే చీకటి కమ్మింది. మొదట్లో ప్రతి వీధీ గరాటాతో “చాలమ్మా, చాలు తల్లీ” అని మొర పెట్టుకుంది. కొండ మాట విన్నది. అన్ని నోళ్లూ మూసుకుంది. ఎంత చక్కగా విన్నదంటే ఒక్క కుళాయిలోంచి బొట్టు కారలేదు. కానీ పాచి గాలిలో నీళ్లు లాగడం ఆపలేదు. తుపాను గాలి మరి, గాలి మొత్తం నీళ్లే. పగుళ్లలో వాన, వానమీద పాచి లాగిన నీరు. తూర్పున దిగువపేట మీదికి వంగిన రాతిగోడ నా కళ్లముందే ఉబ్బింది. రాయి ఉబ్బడం చూశాను నేను. చూలాలి కడుపులా మెల్లగా, నిండుగా. దాని కిందే దిగువపేట, ఇల్లు మీద ఇల్లు, గోడకి గోడ. గాలికి రేకులు ఎగురుతుంటే తలుపులు బిగించుకుని జనం లోపలే ఉన్నారు.

పంపుహౌసు కప్పు కూలి తనూజ యంత్రం నలిగిపోయింది. ఆమె, నరసమ్మక్క ఒకరినొకరు పట్టుకుని మెట్లన్నీ ఎక్కి మా ఇంటికొచ్చారు. తనూజ నుదుటి మీద గాయం, మొహమంతా నెత్తురూ వానా.

“తాగడం నేర్పాను, పొయ్యడం నేర్పాను,” అంది. “కడుపు నిండడం నేర్పలేదు నేను దానికి.”

“అదంతా తరవాతమ్మా. ఇప్పుడేటి చెయ్యాల?”

“నీళ్లు వదిలెయ్యాలి. ఇటు పడమటి వైపు, ఏనుగురాయి కింద పాత గెడ్డ నోరుంది. మిగిలిన కుళాయిలన్నీ దిగువపేట వైపే. ఇటైతే నీళ్ల దారిలో ఇళ్లు లేవు.” ఆ మాటన్నాక నా వైపు చూసి తల దించుకుంది.

ఉన్నది ఒకటే ఇల్లు. నాది.

ఆమె చెవి దగ్గరికి పాకినట్టు వెళ్లి, “నీళ్లు లేవు! నేవు! నేవు!” అని అరిచింది. చెవి ఉలకలేదు. కుళాయి కింద తొట్టి వానకి పొర్లుతోంది.

“అబద్ధమాడితే నమ్మొద్దని నువ్వే నేర్పినావు గదమ్మా,” అంది నరసమ్మక్క. ఆ వానలో కూడా వేళాకోళం. తరవాత మా అమ్మ వైపు తిరిగింది. “పిన్నీ, నీ మాటొకటి అరువియ్యి.”

నాకర్థమైంది. వెళ్లి గరాటా మీద అరచెయ్యి మూశాను.

“అక్కా, నా ఇల్లు.”

“తెల్సురా.”

“మా నాన్న మోసిన రాల్లు. పట్టా ఇస్తానని ఎన్నేల్లు తిప్పినావు? ఎన్ని గోడలు రాయించుకున్నావు? ఇప్పుడు కూడా సూద్దామంటావా?”

“అనను.” ఆమె నా మొహంలోకి సూటిగా చూసింది. “పోద్దిరా. నీ ఇల్లు పోద్ది. చెయ్యి తియ్యి.”

ఇన్నేళ్లలో ఆమె నోట విన్న మొదటి నిక్కమైన మాట అది. నేను చెయ్యి తియ్యలేదు. మా అమ్మ తీసింది. ఒక్కో వేలే విప్పి, చెయ్యి తన గుండెకి ఆనించుకుంది. గరాటా వైపు వంగి నోరు తెరవబోతే నరసమ్మక్క భుజం పట్టుకుని వెనక్కి లాగింది.

“నువ్వనకు పిన్నీ. నీ ఇంటికి నువ్వే ఆ మాట అనకూడదు.”

“అబద్ధంగా అంటే నీకు తగుల్తాదే. తథాస్తు దేవతలుంటారే!”

“అబద్ధమేటి? కొండ నిండుకుంది. నిజమే గదా.” ఆమె కొద్దిగా నవ్వింది. “రాజకీయంలో ఇన్నేల్లుండి రెండు పక్కలా నిజమైన మాట ఈ ఒక్కటే దొరికింది నాకు. తగిల్తే తగలనీ.”

గరాటాకి పెదవులు ఆనించి, మా అమ్మ అన్నట్టే, అదే నిట్టూర్పుతో అంది. “నీల్లు నిండుకున్నాయి తల్లీ.”

ఏమీ జరగలేదు. తరవాత వాన చప్పుడు కూడా వినపడనంత లోతు నుంచి ఒక మూలుగు. మా అరికాళ్లు వణికాయి, పళ్లు వణికాయి. మేం నలుగురం పక్కనున్న బండ మీదికి ఎక్కేసరికి ఏనుగురాయి మొత్తం ఒక్కసారి చెమర్చింది. అంత రాయి, నా చిన్నప్పటి నుంచీ నల్లగా మొండిగా ఉన్న రాయి, మంచుముక్కలా మెరిసింది. ఆ వెంటనే దాని కింద నేల నోరు తెరిచింది. తెల్లటి నీళ్లు, బురద చుక్క లేని నీళ్లు. సముద్రమంతా గాలిలో లేచొచ్చి, కొండలో దాక్కుని, ఇప్పుడు తలుపు తీస్తే బయటికొస్తున్నట్టు. నా ఇల్లు కూలలేదు. ముసలావిడ అలిసిపోయి చతికిలబడినట్టు కూర్చుంది, కూర్చుని నీళ్లతో పాటు వెళ్లిపోయింది. గోడ మీద నేనెప్పుడో గీసిన బిందె బొమ్మ ఒక్క క్షణం తేలి కనపడింది. ఏడవాల్సినవాణ్ణి. ఏడుపు రాలేదు. అంత అందమైంది నేను ఇంకోటి చూడలేదు, చూడను కూడా. తనూజ మోకాళ్ల మీద పడిపోయింది. నరసమ్మక్క చేతులు జోడించింది. తూర్పున రాతిగోడ మెల్లగా, ఊపిరి వదిలినట్టు, లోపలికి దిగిపోయింది.

దిగువపేటలో ఒక్క ప్రాణం పోలేదు. తలుపులు బిగించుకున్నవాళ్లు తెల్లారి తలుపులు తీసి, రేకులు పోయాయని నరసమ్మక్కని తిట్టారు. తాము బతికిపోయామని వాళ్లకి తెలియదు. ఎంత చెప్పినా నమ్మలేదు. జరగని చావుకి ఓటెవడు వేస్తాడు? ఆ తరవాతి ఎన్నికల్లో, కొండని పాడుచేసిన కార్పొరేటరని గోడలు రాశారు. ఆ రాతలు నావి కావు. అలాగని ఆమె కోసమూ నేను గోడలు రాయలేదు. బిందెకి డిపాజిట్టు దక్కలేదు. తథాస్తు దేవతలు ఉన్నారో లేరో గానీ, ఆమె పదవి మాత్రం నిండుకుంది.

తనూజ ఇప్పటికీ పంపుహౌసులోనే ఉంటోంది. పాచికి కడుపు నిండడం నేర్పుతోంది. ఇంకా రాలేదట.

పదవి దిగే ముందు రోజు నరసమ్మక్క మేం అద్దెకుంటున్న గదికి ఆయాసపడుతూ వచ్చింది. కొంగు ముడి విప్పి మడతపెట్టిన కాగితం తీసింది.

“ఇదిగోరా నీ పట్టా.”

“ఇప్పుడా?”

“అప్పుడు సూద్దామన్నాను గదా. సూసినాను.”

నాకు నవ్వూ కోపం రెండూ వచ్చాయి. “అక్కడిప్పుడు గెడ్డ పారతంది. ఊరంతా ఆ నీల్లే తాగుతున్నాది. ఈ కాగితం ఏ నీల్లలో పెట్టుకోను?”

“తిట్టుకో. నీకు తిట్టే హక్కున్నాది.” గుమ్మం దగ్గర ఆగింది. “మంచి నీల్లురా అవి. నీ మీంచి పారతన్నాయి,” అని, వెళ్లొస్తాను కూడా అనకుండా మెట్లు దిగిపోయింది.

మా అమ్మకి కళ్లు సరిగా ఆనవు. కాగితం చేత్తో తడిమి అడిగింది.

“ఎంతున్నాదిరా మన జాగా? ఏటి రాసినారు?”

చదివాను. తూర్పున ఏనుగురాయి, పడమట గెడ్డ. గుండ్రటి ముద్ర. అంకెల్లోనూ అక్షరాల్లోనూ, మా నాన్న అడుగులు వేసి కొలిచినంతే.

“డెబ్బై రెండు గజాలమ్మా.”

“డెబ్బై రెండూ ఉన్నాయా?”

“నిండుకున్నాయి,” అన్నాను.